సిరంజి మీద ఎర్ర గీత

నీలగిరి తైలం థర్మోకోల్‌ను కరిగిస్తుందని మొదటిసారి చూసిన రోజు మా దుకాణంలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తాండూరులో ఒక మందుల దుకాణంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు. థర్మోకోల్ ప్లేట్లలో మిక్చర్ తిన్నాం. ఖాళీ అయిన ప్లేటులో, మూత వదులైన తైలం సీసా ఒకటి పెట్టి మరిచిపోయాను. కాసేపటికి తీసి చూస్తే సీసా కింద ప్లేటుకు గుండ్రంగా చిల్లు. "అమ్మో, గిది మనుషులను గూడ తింటదేమో" అన్నాడు మా ఓనరు. అందరం పడీ పడీ నవ్వాం. నేను అంతటితో ఆగకుండా ఇంకో ప్లేటు తెచ్చి, దాని మీద నాలుగు చుక్కలు వేసి, వచ్చినవాళ్లందరికీ ఆ వింత చూపించాను. బుద్ధి ఉన్నదైతే ఆ రోజే భయపడేది.

ఆ తైలమంటే నాకు అంత గురి. జలుబు చేసిందని ఎవరొచ్చినా, వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టమని చెప్పేదాన్ని. మోకాళ్ల నొప్పులకు కొబ్బరినూనెలో కలిపి రుద్దమనేదాన్ని. నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్లు కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ముతో వచ్చి, "అక్కా, జర గా నీలగిరి తేల్ ఇయ్యి, ముక్కు బందైంది" అని అడిగితే, రుమాలు మీద ఒక చుక్క నేనే వేసి ఇచ్చేదాన్ని. సీసాల మీద పాత ధరల స్టిక్కర్లు ఊడకపోతే ఆ తైలమే. మా ఆయన కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన చొక్కాలకు అంటిన గ్రీజు మరకలకూ ఆ తైలమే. ఇల్లు తుడిచే నీళ్లలో, బియ్యం డబ్బా మూలలో చీమలకు, దిండు గలీబు అంచున. మా ఇంటికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "మీ ఇల్లు దవాఖాన లెక్క వాసనొస్తది" అనేవారు. నాకదొక మెచ్చుకోలు.

సీసా మీద "పైపూతకు మాత్రమే" అని ఉంటుంది. ఆ ముక్కను కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. దాని అర్థం ఏమిటని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మాది బొంరాస్‌పేట దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. నాయనకు ఇప్పటికీ అరవై దాకా జీవాలున్నాయి. నాయన చేతుల్లో ఒక విద్య ఉంది. గొర్రెపిల్లను రెండు చేతుల మీద ఎత్తి, ఒకసారి పైకీ కిందికీ ఆడించి, ఎన్ని కిలోలో చెప్పేస్తాడు. సంతలో కాంటా మీద పెడితే పావుకిలో తేడా రాదు. నాకు పాప పుట్టాక, వచ్చినప్పుడల్లా పాపను కూడా అలాగే ఎత్తేవాడు. "ఎనిమిదిన్నర" అనేవాడు. నేను మా దుకాణంలోని బరువు మిషను మీద కూర్చోబెట్టి చూసి, "నాయనా, ఎనిమిదిన్నరే!" అని ఫోన్ చేసేదాన్ని. మా ఇంట్లో అదొక ఆట. పాప కూడా తాతను చూడగానే చేతులు చాచి, "తూచు తాతా" అనేది.

చలికాలంలో, ముసుర్లప్పుడు గొర్రెపిల్లలకు చీమిడి పట్టేది. ముక్కుల నుంచి కారి, గురగురమంటూ పాలు తాగకుండా పడి ఉండేవి. ఆరేళ్ల కిందట ఒకసారి నాయన నా దగ్గర తైలం సీసా తీసుకొని చేతిలో తిప్పి చూస్తూ, "గిది గొర్లకు పనిజేస్తదా బిడ్డా?" అని అడిగాడు. నేను బేరాల్లో ఉన్నాను. తల కూడా ఎత్తకుండా, "మనుషులకే పనిజేస్తే గొర్లకెందుకు పనిజెయ్యది నాయనా?" అన్నాను. నాయనకు ఆ మాట చాలు. బెల్లం నీళ్లలో కలిపి తాపడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు నాయన కళ్లకు పొర వచ్చింది. ఎంత పోస్తున్నాడో కనబడటం లేదన్నాడు. నేను తెలివి ఉపయోగించాను. దుకాణం నుంచి సూదిలేని ప్లాస్టిక్ సిరంజి ఒకటి తెచ్చి, నా గోళ్ల రంగుతో దాని మీద లావుగా ఒక ఎర్ర గీత గీశాను. "పన్నెండు, పదమూడు కిలోల పిల్లకు ఈ గీత దాకా తైలం. మిగతాది బెల్లం నీళ్లు. చిన్న పిల్లకైతే సగం" అని చెప్పాను. ఆ లెక్క నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. దుకాణంలో నిలబడి రోజూ మందులు ఇస్తుంటే, అన్నీ తెలుసన్న ధీమా ఒకటి వస్తుంది. ఆ ధీమాతో గీశాను. నాయన దాన్ని మెరుస్తున్న వస్తువులా వెలుగుకు ఎత్తి చూసుకొని, "ఎర్రగ మంచిగ కనవడుతున్నది" అని గుడ్డసంచిలో దాచుకున్నాడు. ఆ రోజు నన్ను చూసుకొని నేనే మురిసిపోయాను.

నాలుగు నెలల తర్వాత ఎలా ఉందని అడిగితే, "మస్తు పనిజేస్తది. తాపినంక అర్ధగంటల పిల్ల పండుకుంటది. పండుకుంటే మందు పట్టినట్టే" అన్నాడు.

పోయిన ఏడాది వానాకాలం. పాపకు మూడేళ్లు నిండాయి. నాయన కళ్లు చూపించుకోవడానికి తాండూరు వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. జీవాలను చిన్నాయనకు అప్పగించి వచ్చాడు. అప్పటికి మూడు రోజులుగా ముసురు. పాపకు ముక్కు దిబ్బడ, దగ్గు. పొద్దున లేవగానే కొబ్బరినూనెలో రెండు చుక్కల తైలం కలిపి ఛాతీకి, వీపుకు రుద్దాను. మా ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. పాపను అంగన్‌వాడీకి పంపకుండా నాయన దగ్గర వదిలి దుకాణానికి వెళ్లాను. నేను చెప్పులు వేసుకుంటుంటే నాయన పాపను ఎత్తి రెండుసార్లు ఆడించాడు.

"పన్నెండు" అన్నాడు. పాప దగ్గుతూనే నవ్వింది.

మధ్యాహ్నం ఒకటిన్నరకు అన్నానికి వచ్చాను. నాయన గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకొని, "సప్పుడు జెయ్యకు. ఇప్పుడే నిమ్మలంగ పండుకున్నది. దగ్గు గూడ బందైంది" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నాకూ హాయిగా అనిపించింది. చాప మీద పాప పక్కనే కూర్చొని అన్నం తిన్నాను. పచ్చిపులుసు, కోడిగుడ్డు. అది కూడా ఎందుకు గుర్తుందో తెలియదు. ఫోన్ చూసుకుంటూ, నెమ్మదిగా, పదిహేను నిమిషాలు తిన్నాను. పక్కన నా బిడ్డ మత్తులోకి జారిపోతోంది. నాకు తైలం వాసన వస్తూనే ఉంది. ఆ ఇంట్లో ఆ వాసన రానిదెప్పుడు? పొద్దున నేనే కదా రుద్దాను అనుకున్నాను.

చేతులు కడుక్కొని వచ్చి, ముద్దు పెట్టుకుందామని పాపను ఎత్తాను. తల వెనక్కి వాలిపోయింది. చేతులు, కాళ్లు తడిసిన బట్టలా వేలాడుతున్నాయి. పిలిచాను. చెంపలు తట్టాను. మూలిగింది గానీ కళ్లు తెరవలేదు. ఒక్కసారిగా ఒళ్లంతా బిగుసుకొని కొట్టుకోవడం మొదలైంది. కళ్లు పైకి పోయాయి. ఏం అరిచానో నాకు గుర్తు లేదు. పక్కింటి ఆటో భాయ్ లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. "జల్దీ కూసో అమ్మా, ఫికర్ జెయ్యకు, నేనున్న" అంటూ ఆటో తీశాడు. నాయన చెప్పుల్లేకుండా, సంచి భుజాన వేసుకొని నా పక్కన ఎక్కాడు. ఎక్కడికి పోయినా ఆ సంచి వదలడు. దారి పొడుగునా, "జరమొచ్చి వాతమొచ్చింది, జరమొచ్చి వాతమొచ్చింది" అని, పిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్సే ఇవని నాలో నేనే అనుకుంటున్నాను. ఒళ్లు పట్టుకొని చూస్తే జ్వరం లేదు.

దవాఖానలో డాక్టరమ్మ పాపకు ఆక్సిజన్ పెట్టి, సూది వేసింది. కొట్టుకోవడం ఆగింది. ఊపిరి మాత్రం ఎగశ్వాసగా ఉంది. "ఏమన్న మింగిందా? మాత్రలు, కిరోసిన్, ఏమన్న?" అని అడిగింది.

"లేదు మేడం. నేను మెడికల్ షాపులనే చేస్త. ఇంట్ల మందులన్నీ పైన పెడ్త" అన్నాను. ఆ స్థితిలో కూడా నా గొంతులో ఆ గొప్ప ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"నీలగిరి వాసనొస్తుంది."

"పొద్దుగాల ఛాతికి రుద్దిన మేడం. రెండే చుక్కలు."

డాక్టరమ్మ పాప ఛాతీ దగ్గర వంగి వాసన చూసింది. మళ్లీ ఆక్సిజన్ మాస్కు జరిపి పాప నోటి దగ్గర వంగింది. తల ఎత్తి నన్ను చూసిన చూపు నాకు ఇంకా కళ్లముందే ఉంది.

"ఛాతి మీద కాదు. నోట్లకెళ్లి వస్తుంది."

నా వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. "నేనే తాపిన" అన్నాడు. భయం లేదు ఆ గొంతులో. అడిగినదానికి జవాబు చెప్తున్నాడు అంతే. "దగ్గు తక్కువైతలేదని బెల్లం నీళ్లల్ల తాపిన. సగం ఉమ్మింది. మల్ల తాపిన. గొర్రెపిల్లకు గింతనే తాపుత. గిది గూడ పన్నెండు కిలోలే ఉన్నది."

నా చేయి దానంతట అదే పాప నోటి దగ్గరికి పోయింది. వేలు పెట్టి కక్కిద్దామని. దుకాణంలో ఎందరికో ఇచ్చిన సలహా అదే. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకొని అవతలికి తోసేసింది. "కక్కించొద్దు! స్పృహల లేదు పిల్ల. గా నూనె ఊపిరితిత్తులల్లకు పోతే బతకది!" అని అరిచింది. నాకు తెలిసిందంతా తప్పే. ఒక్కటంటే ఒక్కటి కూడా సరైనది లేదు.

అప్పుడు నేను నాయన మీద పడ్డాను. పది మంది చూస్తుండగా, "నీకు బుద్ధుందా? గొర్రె అనుకున్నవా నా బిడ్డను? ఏం తాపినవో తెలుసా? చంపినవ్ గద!" అని అరిచాను. జీవితంలో నాయనను నేను అలా అనలేదు. అప్పుడే, ఆ క్షణంలోనే, నాయనకు అర్థమైంది. తన మందు వల్లే పిల్ల ఇలా అయిందని అప్పటిదాకా ఆయనకు తట్టనే లేదు. మొహంలో రక్తం ఇంకిపోవడం నేను నా కళ్లతో చూశాను.

"ఎంత తాపినవ్ పెద్దాయనా? సరిగ్గ చెప్పు" అంది డాక్టరమ్మ.

నాయన సంచిలో చేయి పెట్టి సిరంజి తీసి ఇచ్చాడు. డాక్టరమ్మ దాన్ని లైటు కింద తిప్పి చూసింది. లావుగా, నున్నగా, ఎర్రగా గీత. "గిదేంది? ఈ గీత ఎవరు గీసిన్రు?"

నేనే అని ఒక్క మాట. రాలేదు. గోళ్లకు అదే రంగు ఉందేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నేనే గీసుకున్న డాక్టరమ్మా" అన్నాడు నాయన.

కళ్లకు పొరలు కమ్మి, గుమ్మం మెట్టు కూడా తడుముకొని దిగే మనిషి. గోళ్ల రంగు సీసా ఎన్నడూ ముట్టని మనిషి. ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఎంత లోపలికి పోయిందో లెక్కకట్టుకొని, వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లమని కాగితం రాసింది. ఇరవై నాలుగు గంటలు గడిస్తే తప్ప ఏమీ చెప్పలేనంది.

అంబులెన్సులో నన్ను ఒక్కదాన్నే ఎక్కించుకున్నారు. తలుపు వేస్తుంటే నాయన గేటు దగ్గర వానలో నిలబడి ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు నేను. అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే కిటికీలోంచి చల్లటి గాలి వచ్చింది. దగ్గు ముదిరినవాళ్లను వెనకట ఈ గాలికి తెచ్చేవాళ్లని నాయనే చెప్పేవాడు. మలుపు దగ్గర జామాయిల్ చెట్లు, ఆ తైలం తీసే చెట్లే, వరసగా తడుస్తున్నాయి. ఎప్పుడు ఆ దారిలో పోయినా ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసేదాన్ని. ఆ రోజు కొంగుతో ముక్కు మూసుకున్నాను. పాప ఊపిరిని లెక్కపెడుతూ, ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ నలభై కిలోమీటర్లు పోయాను.

వికారాబాద్‌లో అక్కడి డాక్టరుతో, ఆయన అడగకముందే, "సార్, సిరంజి మీద గీత గీసింది నేను" అని చెప్పేశాను. ఆయన కాగితాల మీంచి తల ఎత్తి, "ఎవరు గీస్తే ఏంటమ్మా, ఇంట్ల ఇంకా ఎన్ని సీసాలున్నయ్? ముందు అవి తీసేయించు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి పాప కళ్లు తెరిచింది. నన్ను చూసి, ఎండిన గొంతుతో, "నీళ్లు" అంది. ఇంకాసేపటికి, "తాతేడి?" అంది. రాత్రికి అక్కడికి చేరుకున్న మా ఆయన మొహం గోడకు తిప్పుకొని ఏడ్చాడు. నేను నాయన కోసం బయటికి వచ్చాను. ముందురోజు సాయంత్రం రైలుకే వచ్చాడట. ఎవరినీ అడగకుండా, లోపలికి రాకుండా, మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. "లేచింది నాయనా. నిన్నే అడుగుతున్నది" అన్నాను. తల ఊపాడు. లోపలికి వచ్చి మంచానికి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. పాప చేతులు చాచి, "తూచు తాతా" అంది. నాయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకొని, "తర్వాత బిడ్డా, తర్వాత" అన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు నాయన మా ఇంటికి రాలేదు. కళ్ల ఆపరేషన్ సంగతి ఎత్తితే వద్దన్నాడు. నేను ఇంట్లో తైలం సీసాలన్నీ తీసేశాను. దుకాణంలో మాత్రం అమ్ముతూనే ఉన్నాను, ఉద్యోగం కదా. కాకపోతే ఎవరికి ఇచ్చినా, "ఇంట్ల చిన్నపిల్లలున్నరా? చేతికందకుండ పెట్టు. చుక్క గూడ నోట్లకు పోవద్దు, పసిపిల్లల ముక్కు దగ్గర పెట్టొద్దు" అని రెండుసార్లు చెప్తున్నాను. "ఏందక్కా, విషం లెక్క చెప్తున్నవ్" అని నవ్వుతారు. నవ్వనీ.

ఒక ఆదివారం పాపను తీసుకొని ఊరికి వెళ్లాను. నాయన ఆరుబయట దొడ్డి పక్కన రాతి మీద కూర్చొని ఉన్నాడు. ముందర ఒక గొర్రెపిల్ల, ముక్కులు కారుతున్నాయి. పశువుల డాక్టరు ఇచ్చిన మందు సీసా పక్కన ఉంది. పాప గొర్రెపిల్లల వెంట పడి పరుగెడుతోంది. నేను రాతి మీద పక్కన కూర్చున్నాను. క్షమించమని అడుగుదామని దారంతా మాటలు కూర్చుకొని వెళ్లాను. దవాఖానలో అరిచినందుకు, గీత గురించి నోరు విప్పనందుకు. నేను మొదలుపెట్టే లోపలే నాయన అడిగాడు.

"బిడ్డా, ఒకటి చెప్పు. మందు తాపినంక పండుకున్న గొర్రెపిల్లలల్ల కొన్ని మల్ల లేవకపోయేటియి. రోగం ముదిరింది, మందు ఆలస్యమైంది అనుకున్న నేను. గవి గూడ మన చిన్నదాని లెక్కనే అయినయా?"

ఇన్నేళ్లలో గొర్రెపిల్లలు చచ్చిపోయాయని నాయన ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజే అనుమానం వచ్చేది. ఆ సిరంజిని పొయ్యిలో పడేసేదాన్ని.

"నాకెందుకు చెప్పలే నాయనా?" అన్నాను.

"నువ్వు ఇంత మనసు వెట్టి గీత గీసిచ్చినవ్. నీ మందు పనిజేస్తలేదంటే చిన్నబోతవని చెప్పలే."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, "ఎన్ని పోయినయ్?" అని అడిగాను.

"ఏడు" అన్నాడు. పాప అప్పుడే ఒక పిల్లను చెవులు పట్టుకొని మా వైపు లాక్కొస్తోంది. నాయన పాపనే చూస్తూ, "మన చిన్నది ఎనిమిదోదయ్యేది" అన్నాడు.